అమ్మకూ నాన్నకూ చేతి కానుక

మీ పుట్టినరోజు ఎప్పుడని ఎవరైనా అడిగితే మీరు తడుముకోకుండా చెబుతారు. మరి మీ అమ్మ పుట్టినరోజు ఎప్పుడు? మీ నాన్నది? ఈ ప్రశ్నకు చాలామంది పిల్లలు తల గోక్కుంటారు. అందులో మీ తప్పు అంతగా లేదు. మీ పుట్టినరోజుకు కొత్త బట్టలు తెచ్చేదీ, పాయసం వండేదీ అమ్మానాన్నలే. తమ పుట్టినరోజు సంగతి మాత్రం వాళ్ళు ఎత్తనైనా ఎత్తరు. కాబట్టి ముందుగా ఆ తేదీలు అడిగి తెలుసుకుని, కాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. ఆ రోజున మీరు వాళ్ళకొక కానుక ఇవ్వాలి.

"మా దగ్గర డబ్బెక్కడిది?" అంటారేమో. నేను చెప్పేది కొనే కానుక గురించి కాదు. నాన్న దగ్గర ఇరవై రూపాయలు అడిగి తీసుకుని, నాన్నకే పెన్ను కొనిపెడితే అది ఎవరి కానుక అయినట్టు? మీ చేతులతో మీరు తయారు చేసిన వస్తువైతే ఈ పేచీ ఉండదు.

చేతితో చేసిన కానుక చిన్నదని అనుకోకండి. 1947 నవంబరు 20 న ఇంగ్లండులో ఎలిజబెత్ రాకుమారికి పెళ్ళి జరిగింది. తరవాత రాణి అయినది ఆవిడే. ఆ పెళ్ళికి దేశదేశాల నుంచి సుమారు 2,500 కానుకలు వచ్చాయి. వాటిలో వజ్రాల నగలు కూడా ఉన్నాయి. మరి గాంధీజీ ఏం పంపగలరు? తనదని చెప్పుకోదగిన ఆస్తి ఏదీ ఆయనకు లేదు. కాని ఆయనకు రాట్నం ఉంది. తాను స్వయంగా వడికిన నూలుతో అల్లిన ఒక చిన్న గుడ్డను ఆయన పంపారు. దాని మీద "జై హింద్" అన్న అక్షరాలున్నాయి. ఆ గుడ్డను ఆవిడ జాగ్రత్తగా దాచుకున్నది. ఒకసారి తనను కలిసినప్పుడు దాన్ని తనకు చూపించిందని, 2022 లో ఆవిడ చనిపోయినప్పుడు ప్రధాని నరేంద్ర మోదీ చెప్పారు. అన్ని నగల మధ్య కూడా చేతి నూలుకు చోటు దొరికింది చూశారా!

ఇక పని మొదలుపెడదాం. కత్తెర, కాగితం పట్టుకునే ముందు చెయ్యవలసిన పని ఇంకొకటి ఉంది. రెండు రోజుల పాటు అమ్మనూ నాన్ననూ, వాళ్ళకు తెలియకుండా, బాగా గమనించండి. వాళ్ళకు ఎక్కడ ఇబ్బంది కలుగుతున్నదో చూడండి. అమ్మ వేడి గిన్నెను కొంగుతో పట్టుకుని దించుతున్నదా? నాన్న చదివే పుస్తకంలో పేజీ మూల మడుస్తున్నాడా? ఫోను ఆరిపోయినప్పుడు ఒక నంబరు కోసం ఇల్లంతా వెతుకుతున్నారా? ఇబ్బంది కనిపిస్తే కానుక కనిపించినట్టే. కంటికి అందంగా ఉండే బొమ్మ ఎవరైనా చెయ్యవచ్చు. మీ అమ్మకు ఏం కావాలో కనిపెట్టగలిగింది మాత్రం మీరే.

మసిగుడ్డ

వేడి గిన్నెను కొంగుతోనో, చున్నీతోనో దించటం చాలా అపాయం. కొస మంటకు తగిలితే బట్ట అంటుకుంటుంది. వంటింట్లో మసిగుడ్డ ఉన్నా, అది వాడి వాడి పలచబడి ఉంటుంది. అందుచేత మంచి మసిగుడ్డల జత కుట్టి అమ్మకు ఇవ్వండి. మీ ఇంట్లో వంట చేసేది నాన్న అయితే నాన్నకే ఇవ్వండి.

కావలసినవి: పాత నూలు చీరగాని పంచెగాని, సూది, లావుపాటి నూలు దారం, కత్తెర, స్కేలు, పెన్సిలు.

గుడ్డను ఉతికి ఆరవేసి, ముడతలు లేకుండా పరవండి. 20 సెంటీమీటర్ల చదరాలు గీసి, ఎనిమిది ముక్కలు కత్తిరించండి. తొమ్మిదో ముక్క మాత్రం 24 సెంటీమీటర్ల చదరంగా ఉండాలి. ఈ పెద్ద ముక్కను కింద పరిచి, దాని మధ్యకు వచ్చేటట్టు మిగిలిన ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చండి. పెద్ద ముక్క నాలుగు పక్కలా రెండేసి సెంటీమీటర్లు బయటికి ఉంటుంది. ఆ అంచును ముందు సగానికి మడవండి. మళ్ళీ ఇంకొక మడత వేసి, పై పొరల మీదికి తెచ్చి కుట్టండి. దారప్పోగులు ఊడి రాకుండా ఉండటానికే ఈ రెండు మడతలు.

తరవాత ఒక అంచు నుంచి ఎదుటి అంచు దాకా, రెండు వేళ్ళ ఎడంతో, వరసలు వరసలుగా కుట్టుకుంటూ పొండి. సూదిని పైకి తీసి కిందికి గుచ్చుతూ పోయే సాదా కుట్టు చాలు. నాయనమ్మలు బొంతలు కుట్టేది ఇలాగే. కుట్టు వంకరపోయినా ఫరవాలేదు. చివరకు ఒక మూల చిన్న నాడా కుడితే మేకుకు తగిలించుకోవచ్చు. ఇలాంటివే రెండు తయారు చెయ్యండి. గిన్నెకు రెండు పక్కలుంటాయి కదా!

వేడి గిన్నెను గుడ్డతో పట్టుకుంటే చెయ్యి ఎందుకు కాలదు? గుడ్డ గొప్పతనం కొంతే. పొరల మధ్యా, దారప్పోగుల మధ్యా చిక్కుకున్న గాలి గొప్పతనమే ఎక్కువ. కదలకుండా ఉన్న గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా ప్రయాణం చేస్తుంది. అందుకే మనం తొమ్మిది పొరలు పెట్టాం. చలికాలంలో బొంత కప్పుకుంటే వెచ్చగా ఉండటానికి కూడా కారణం ఇదే. అక్కడ మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, ఇక్కడ గిన్నె వేడిని లోపలికి రానివ్వదు.

ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. తడిసిన మసిగుడ్డతో వేడి గిన్నెను ఎన్నడూ పట్టుకోరాదు. తడిస్తే గాలి ఉన్న చోట నీరు చేరుతుంది. గాలి కంటె నీరు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని చేరవేస్తుంది. తడిగుడ్డతో పట్టుకున్న చెయ్యి చురుక్కుమనటం అందువల్లనే. ఈ సంగతి కానుక ఇచ్చేటప్పుడు అమ్మకు కూడా చెప్పండి.

గుడ్డ నూలుదే అయి ఉండాలి. నైలాను, పాలియెస్టరు గుడ్డలు వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. గుడ్డ ఏదో తెలియకపోతే ఒక పోగు లాగి, పెద్దవాళ్ళ చేత కాల్పించి చూడండి. నూలు పోగు కాగితంలాగా కాలి మెత్తని బూడిద అవుతుంది. నైలాను పోగు ముడుచుకుపోయి గట్టి పూసలాగా అవుతుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. ఏ గుడ్డనైనా కత్తిరించే ముందు అడిగి తీసుకోండి. అమ్మకు తెలియకుండా ఉండాలంటే నాన్ననో, నాయనమ్మనో అడగండి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో చివర్లో మీకే తెలుస్తుంది.

ఫోను నంబర్ల పుస్తకం

ఈ రోజుల్లో నంబర్లన్నీ ఫోనులోనే ఉంటాయి. ఎవరికీ ఒక్క నంబరైనా నోటికి రాదు. ఫోను పాడయినప్పుడో, చార్జి అయిపోయినప్పుడో చూడాలి అవస్థ! అటువంటి సమయంలో పనికివచ్చే పుస్తకం మీరు తయారు చెయ్యవచ్చు.

కావలసినవి: పోయిన ఏటి నోటుపుస్తకాలలో మిగిలిన తెల్లకాగితాలు ఎనిమిది, అట్టకు పాత కాలెండరు కాగితం, సూది, దారం.

ఎనిమిది కాగితాలనూ కలిపి సగానికి మడిస్తే 32 పేజీల పుస్తకం అవుతుంది. ఎలాగో లెక్క వేసి చూడండి. దానిపైన కాలెండరు కాగితాన్ని, తెల్లవైపు బయటికి ఉండేలాగా, అట్టగా మడిచి పెట్టండి. మడత మీద సూదితో మూడు కన్నాలు చెయ్యండి. ఒకటి సరిగ్గా మధ్యలోనూ, మిగిలిన రెండూ పైనా కిందా ఉండాలి. ఇప్పుడు సూదిని లోపలి నుంచి మధ్య కన్నం గుండా బయటికి తియ్యండి. దారం కొసను లోపల నాలుగు వేళ్ళ పొడుగు వదలాలి. బయటి నుంచి పై కన్నంలో గుచ్చి లోపలికి రండి. లోపల మధ్య కన్నాన్ని దాటుకుని పోయి, కింది కన్నం గుండా బయటికి తియ్యండి. చివరకు బయటి నుంచి మధ్య కన్నంలో గుచ్చి లోపలికి వస్తే దారం రెండు కొసలూ ఒక చోటనే ఉంటాయి. లోపల నిలువుగా ఉన్న దారానికి ఒక కొస ఈ పక్క, రెండో కొస ఆ పక్క ఉండేటట్టు పెట్టి ముడి వెయ్యండి. పుస్తకం తయారు!

కాగితాన్ని మడిచేటప్పుడు ఒక వింత గమనించవచ్చు. పాత వార్తాపత్రిక ఒకటి తీసుకుని నిలువుగా చింపండి. మరొకసారి అడ్డంగా చింపండి. ఒక వైపు తిన్నగా చిరుగుతుంది, రెండో వైపు వంకరటింకరగా పోతుంది. కాగితం సన్నని పీచుతో తయారవుతుంది. మిల్లులో తడి గుజ్జు కదిలే జల్లెడ మీద పరుచుకునేటప్పుడు చాలా పీచు యంత్రం కదిలే దిక్కుగానే సర్దుకుంటుంది. ఆ వెంబడి చింపితే తిన్నగా చిరుగుతుంది. ఆ వెంబడి మడిస్తే మడత కూడా నున్నగా కూర్చుంటుంది.

మొదటి పేజీలో పెద్ద అంకెలతో 112, 108, 101 అని రాయండి. 112 అన్ని ఆపదలకూ, 108 అంబులెన్సుకు, 101 అగ్నిమాపక దళానికి. తరవాత అమ్మమ్మ, తాతయ్య, అత్త, బాబాయి, నాన్న పనిచేసే చోటు, మీ బడి, ఇంటికి దగ్గరి డాక్టరు — ఈ నంబర్లు వరసగా రాయండి. ఒక్కొక్క నంబరునూ రెండుసార్లు సరిచూసుకోండి. అక్షరాలు ఎంత అందంగా ఉన్నా, ఒక్క అంకె తప్పితే పుస్తకం దండగ.

రావి ఆకు జాలి

పుస్తకం మూల మడిచే నాన్నకు ఇది సరైన కానుక. దీనికి నెల రోజులు పడుతుంది కనక ముందుగానే మొదలుపెట్టాలి.

బాగా ముదిరిన, పురుగు తినని రావి ఆకులు అయిదారు కోసుకురండి. అన్నీ బాగా రావు కనక ఎక్కువే ఉండటం మంచిది. ఒక పాత కుండలో నీళ్ళు పోసి ఆకులు మునిగేలాగా వేసి, పైన చిన్న రాయి పెట్టండి. కుండ మూతికి పలచని గుడ్డ గట్టిగా కట్టటం మరవకండి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు వారం పది రోజుల్లో దోమలై ఇంటి మీద పడతాయి! కుండను పెరట్లోనో, డాబా మీదో పెట్టండి. వాసన వస్తుంది మరి.

మూడు నాలుగు వారాలకు ఆకు మెత్తబడుతుంది. దాన్ని ఒక పళ్ళెంలో నీళ్ళలో పరిచి, పాత పళ్ళ బ్రష్షుతో చాలా నెమ్మదిగా రుద్దండి. ఆకుపచ్చని గుజ్జంతా ఊడిపోయి, ఈనెల జాలి మిగులుతుంది. దాన్ని మంచి నీళ్ళలో కడిగి, పాత కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రెండు రోజులు ఆరనివ్వండి. తరవాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆరిన జాలిని నల్లని అట్ట ముక్క మీద అంటిస్తే, నాన్న ఏ పేజీ దాకా చదివాడో చూపించే గుర్తు అవుతుంది.

గుజ్జు పోయింది, జాలి ఎందుకు పోలేదు? నీటిలోని సూక్ష్మజీవులు ఆకులోని మెత్తని భాగాన్ని ముందుగా తినేస్తాయి. ఈనెలు ఆకుకు నీరు చేరవేసే గొట్టాలు. చెట్టు మానును గట్టిపరిచే పదార్థమే వాటిలో కూడా ఉంది. దాన్ని తినటం సూక్ష్మజీవులకు అంత సులువు కాదు. ఆకులు రాలిన తరవాత నేలలో జరిగే పనినే మీరు కుండలో జరిపించి, సగంలో ఆపారన్న మాట.

చిన్నారుల కానుక

సూదీ కత్తెరా పట్టుకోలేని మీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఊరుకుంటారా? "నేనూ ఇస్తా" అని పేచీ పెడతారు. వాళ్ళకు ఒక కొబ్బరి చిప్ప ఇవ్వండి. మూడు కళ్ళున్న చిప్పే కావాలి. ఆ కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది. కొబ్బరి మొలక బయటికి వచ్చే దారి అదే. దాన్ని మీరు మేకుతో పొడిచి కన్నం చేస్తే, ఎక్కువైన నీరు కారిపోతుంది.

చిప్పలో ఇసుక కలిపిన మన్ను నింపమనండి. రాత్రంతా నానిన మెంతులు ఒక చెంచాడు దాని మీద చల్లి, పైన పలచగా మన్ను కప్పించండి. రోజూ చేత్తో నీళ్ళు చిలకరించే పని వాళ్ళదే. మూడు నాలుగు రోజుల్లో మొలకలు తల ఎత్తుతాయి. ఆకు పుట్టేదాకా మొక్క బతికేది గింజలో దాచుకున్న ఆహారంతోనే. సుమారు రెండు వారాలకు చిన్న మెంతికూర కోతకు వస్తుంది. దాన్ని అమ్మ పప్పులో వేసిన రోజున, "ఈ పప్పు నాదే!" అని ఆ పిల్లవాడు ఎంత గర్వపడతాడో చూడండి.

ఏమీ లేకపోతే?

గుడ్డా దొరకలేదు, ఆకూ దొరకలేదు, రేపే పుట్టినరోజు. అప్పుడేం చెయ్యాలి? ఉత్తరం రాయండి.

1930 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ నైనీ జైలులో ఉన్నాడు. కూతురు ఇందిరకు పదమూడో పుట్టినరోజు వచ్చింది. జైలులో ఉన్నవాడు ఏం కొని పంపగలడు? ఆయన ఒక ఉత్తరం రాశాడు. అలా మొదలైన ఉత్తరాలు 1933 దాకా సాగి, 1934 లో ప్రపంచ చరిత్ర చెప్పే పెద్ద పుస్తకంగా అచ్చయాయి. ఒక తండ్రి కూతురికి ఇవ్వగలిగిన దాన్ని మీరు మీ తండ్రికి ఎందుకు ఇవ్వకూడదు? చరిత్ర రాయనక్కరలేదు. "ఫలానా రోజు నాకు జ్వరం వచ్చినప్పుడు నువ్వు రాత్రంతా మేలుకున్నావు. నాకది జ్ఞాపకం ఉంది" అని నిజంగా జరిగిన సంగతి ఒక్కటి రాయండి. చాలు.

ఇక నా కథ

గుడ్డను అడగకుండా కత్తిరించవద్దని ఎందుకన్నానో చెబుతాను. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మకు మసిగుడ్డ కుట్టి ఇవ్వాలని బుద్ధి పుట్టింది. పెట్టె అడుగున నీలిరంగు పాత నూలు చీర ఒకటి ఉండేది. దాన్ని అమ్మ కట్టుకోగా నేను ఎన్నడూ చూడలేదు. "ఇది ఎవరికీ అక్కరలేదు" అనుకుని, చెంగు వైపు కత్తిరించి, నల్లదారంతో వంకర కుట్లు వేసి, ఉగాదినాడు పొద్దున్నే అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ గుడ్డ ఎక్కడిదిరా?" అన్నది. చెప్పాను. ఆమె పీట మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తరవాత అక్క నన్ను పెరట్లోకి లాక్కుపోయి, అది చనిపోయిన మా అమ్మమ్మ కట్టుకున్న చీర అని చెప్పింది. నేను బావి గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం అమ్మ అన్నం తినటానికి పిలిచింది. లోపలికి వెళ్ళేసరికి ఆమె గంజి వారుస్తున్నది. ఆమె చేతుల్లో ఉన్నది నేను కుట్టిన మసిగుడ్డే! "బాగా కుట్టావురా, చేతికి వేడి తగలనే లేదు" అన్నది. ఆ మసిగుడ్డ చిల్లులు పడేదాకా దాన్ని వాడింది. చీరలో మిగిలిన గుడ్డను మాత్రం మడిచి మళ్ళీ పెట్టె అడుగునే పెట్టుకున్నది.

అమ్మ నన్ను కొట్టి ఉంటే ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ గంజి వార్చటం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నది.

ఇది చదివే పెద్దలకు కూడా ఒక మనవి. మీ పిల్లలు తెచ్చి ఇచ్చిన వస్తువును అద్దాల బీరువాలో పెట్టి మెచ్చుకోకండి. మసిగుడ్డ అయితే దానితో గిన్నె దించండి. పుస్తకం అయితే అందులో చూసి ఒక నంబరు తిప్పండి. ఆకు జాలిని చదువుతున్న పేజీలో పెట్టండి. తాను చేసిన వస్తువు పనికివస్తున్నదని కళ్ళారా చూసిన పిల్లవాడు ఆ పైన ఇంకా మంచి వస్తువు చేస్తాడు.

పిల్లలూ, మరి అమ్మ పుట్టినరోజు ఎప్పుడో అడిగి వచ్చారా? ఇంకా లేదా? ఈ పత్రిక ఇక్కడ పెట్టి, ముందు ఆ పని చూడండి.